రత్నం పేరు మైకులో చదివాక

నవంబరు 3

కార్తీక సోమవారం, ఉపవాసం. ఖాళీ కడుపుతో మైకు ముందు కూర్చుంటే నా గొంతు ఇంకా ఖంగుమంటుందిట. ఆయన అన్న మాట. "ముప్పై ఎనిమిదేళ్ళు ఒక్కణ్ణే విన్నాను, ఇప్పుడు ఊరంతా వింటోంది, నాకు కాస్త తెరిపి" అంటూ ఒకటే నవ్వు. నవ్వనీ.

ఇవాళ రెండు పేర్లు. ఒకరు చేపల చెరువు మేస్త్రి, మేత సంచులు కాలవలో వదిలినందుకు. ఇంకొకరు కాలవ లాకు అవతల కొత్తగా ఇల్లు కట్టుకున్నాయన, పసిపిల్ల డైపర్లు. చెత్త బండి అప్పన్న చేతులకి తొడుగులు వేసుకుని సంచి విప్పుతాడు. మందుల చీటీయో, కరెంటు బిల్లో, పేరున్న ముక్క ఏదో ఒకటి దొరుకుతుంది. పంచాయతీ ఆఫీసులో పెడతాడు. నేను చదువుతాను. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి, మూడు రోజులు. ఆ మనిషి వచ్చి మైకులో "తప్పయిపోయింది" అంటే అక్కడితో ఆపేస్తాం. అనని వాళ్ళు ఇంతవరకు లేరు.

ఆలోచన నాదే. రిటైరైన దగ్గర్నుంచీ కాలవ గట్టు మీద నిలబడి ఒక్కొక్కరినీ బతిమాలాను. "అలాగేనండి టీచర్ గారూ" అనేవాళ్ళు. అని, నేను అటు తిరగ్గానే వేసేవాళ్ళు. మైకు పెట్టాక రెండు నెలల్లో గట్టు అద్దంలా అయింది. బతిమాలితే ఎందుకు వినలేదో, పేరు చదివితే ఎందుకు వింటున్నారో... సంతోషంగానే ఉంది. కొంచెం భయంగా కూడా ఉంది.

నవంబరు 5

కార్తీక పౌర్ణమి. తెల్లవారుజామున ఆడవాళ్ళం అందరం రేవులోనే. అరటి దొప్పల్లో దీపాలు. పోయినేడు నా దొప్ప ఒక ప్లాస్టిక్ సంచికి తగులుకుని ఆగిపోతే కర్రతో నెట్టాల్సి వచ్చింది. ఈ ఏడు ఒక్కటీ ఆగలేదు. లాకు దాకా వరసగా వెళ్ళాయి. కళ్ళు చెమర్చాయి.

"అంతా మీ గొంతు చలవేనండి" అన్నారు సూర్యకాంతం గారు. మా కాలవ గట్టు కమిటీ ప్రెసిడెంటు వెంకట్రావు గారి భార్య కదా, ఆవిడ మెచ్చుకుంటే కమిటీ మెచ్చుకున్నట్టే. పక్కన వాళ్ళ కోడలు మౌనిక తల వంచుకుని ఒత్తులు వెలిగిస్తోంది. పెళ్ళయి ఏడాదిన్నర. ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో నేను ఇంతవరకు వినలేదు.

సాయంత్రం అప్పన్న ఫోను. రేవు మెట్ల కింద పెద్ద సంచి ఇరుక్కుందిట. పండగ పూట! పేరు కూడా దొరికిందిట.

నవంబరు 6

కొరియర్ కవరు మీద చీటీ. నూకరత్నం, పాలపాక, లాకు దగ్గర.

రత్నం! పన్నెండేళ్ళుగా మా ఇంటికి పాలు పోస్తోంది. భర్త పోయాక రెండు గేదెలతో ఇల్లు నిలబెట్టుకుంది. కొడుకు మండపేటలో మిల్లు లారీ నడుపుతాడు. ఆ గట్టు మీద నాకన్నా ముందు చీపురు పట్టిన మనిషి.

నోరు ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగడం కూడా మైకులో వినిపించిందట, ఆయన చెప్పారు. చదివేశాను. చదవకపోతే రేపు మిగతావాళ్ళు ఏమంటారు? "టీచర్ గారి పాలమనిషి కదా, అందుకే" అంటారు. అనరూ?

ఏడింటికి రత్నం ఎప్పటిలాగే వచ్చింది. కొలిచి పోసింది. కొసరు కూడా వేసింది.

"విన్నావా?"

"విన్నానండి."

"నువ్వేనా వేసింది?"

క్యాను మూత బిగించుకుంటూ, "నేనేనండి" అంది.

అంతే. వెళ్ళిపోయింది. ఆ ముఖంలో సిగ్గు లేదు, కోపం లేదు. నేనే ఏదో తప్పు చేసినట్టు గుమ్మంలో నిలబడిపోయాను.

నవంబరు 7

రెండోరోజు. రెండుసార్లు చదివాను. రత్నం కమిటీ దగ్గరికి రాలేదు.

నవంబరు 8

మూడోరోజూ అయిపోయింది. సాయంత్రం పంచాయతీ ఆఫీసు వరండాలో కమిటీ. రత్నాన్ని పిలిపించారు. పేడ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ వచ్చింది.

వెంకట్రావు గారు చెడ్డ మనిషి కాదు. ఇది రాసి పెట్టుకోవాలి, లేకపోతే రేపు కోపంలో మరిచిపోతాను. సొంత తమ్ముడి పేరు చదివించిన మనిషి. మర్యాదగానే అడిగారు.

"నువ్వే వేశావని ఒప్పుకున్నావు కదమ్మా. ఒక్క మాట మైకులో అనేసి వెళ్ళు."

"వేశానని చెప్పేనండి. ఇంక మాటలేంటండి?"

"అందరూ అన్నారు. మా తమ్ముడూ అన్నాడు."

"ఆయన అన్నారండి. నేను అనను."

వరండా అంతా గుసగుసలు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఎవరో వెనక నుంచి. రత్నం వినీ విననట్టు నిలబడింది. గేదెకి కుడితి పెట్టే వేళయిందని చెప్పి వెళ్ళిపోయింది. నిజంగా వెళ్ళిపోయింది! అలా కమిటీని వదిలేసి వెళ్ళిన వాళ్ళు లేరు.

దాంతో తీర్మానం. రత్నం మైకులో ఆ మాట అనేదాకా ఊళ్ళో ఎవరూ ఆమె దగ్గర పాలు పోయించుకోకూడదు. పాల కేంద్రం వాళ్ళూ తీసుకోకూడదు. దీన్నే వెలి అంటారు కదండీ అని ఎవరో అంటే, "వెలి కాదు, సహాయ నిరాకరణ" అన్నారు వెంకట్రావు గారు.

రాసిన కాగితం నా చేతికిచ్చారు. అప్పుడు నేను ఏం చేశాను? వద్దన్నానా? లేదు. వాక్యం బాగా లేదని రెండు చోట్ల దిద్దాను. దిద్దడం అలవాటు. దిద్ది సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

నవంబరు 9

చదివాను.

ఇంటికొచ్చేసరికి ఆయన ఖాళీ గ్లాసు పట్టుకుని వరండాలో కూర్చుని ఉన్నారు. "మైకులో విన్నానే, ఎవరో టీచరట, భలే కఠినంగా చదివింది. మరి మన కాఫీ?"

ప్యాకెట్ పాలు తెప్పించాను. నీళ్ళు. రెండు గుక్కలు తాగి చెట్టుకి పోశారు.

నవంబరు 10

ఒక సంగతి తోచింది. కవరులో ఏముంది అసలు? పేరు చూశాం గానీ వస్తువు చూడలేదు. అప్పన్నని పిలిచి అడిగాను.

"షూ డబ్బానండి. ఆడోళ్ళ షూ. పరిగెత్తేవి."

"సరిగ్గా చూశావా?"

"ఆయ్. డబ్బా మీద బొమ్మ కూడా ఉందండి. సైజు అయిదు."

రత్నానికి పరిగెత్తే షూ ఏంటి! ఆవిడ పాదాలు వెడల్పు, మగవాళ్ళ హవాయి చెప్పులే పడతాయి. కోడలు ఇంకా రాలేదు, కూతుళ్ళు లేరు. మరి "నేనేనండి" అని ఎందుకు అంది? వేయకుండా వేశానంటుంది. వేశానన్న మనిషి తప్పయిందని మాత్రం అననంటుంది. ఏ ముక్కకి ఆ ముక్క సరిగానే ఉన్నట్టుంది, పక్కపక్కన పెడితే అతకడం లేదు.

అప్పన్న వెళ్తూ వెళ్తూ, "నేను పేరొకటే చూడాలనుకున్నానండి" అన్నాడు. మనందరం అంతే అన్నాను.

నవంబరు 11

సిగ్గు లేకుండా రాస్తున్నాను. అయిదున్నరకి శాలువా కింద స్టీలు క్యాను పెట్టుకుని వెనక సందులోంచి పాలపాకకి వెళ్ళాను. ఆయన కాఫీ కోసం అని నాకు నేను చెప్పుకున్నాను. షూ సంగతి అడగాలని కూడా. మంచు కమ్మేసి నాలుగడుగుల అవతల ఏమీ కనిపించదు.

పాక దగ్గర ఎదురుగా ఒక ఆకారం. శాలువా. శాలువా కింద ఏదో గుండ్రంగా. సూర్యకాంతం గారు!

"వాకింగాండీ?" అన్నారావిడ.

"ఆఁ, వాకింగేనండి. డాక్టరు మోకాళ్ళకి నడవమన్నారు" అన్నాను.

క్యాను మూత టక్కుమంది. ఆవిడదో, నాదో. తేలు కుట్టిన దొంగల్లా ఇద్దరం నిలబడ్డాం. గడ్డిమేటు వెనక ఇంకెవరో దగ్గారు, గొంతు మగగొంతు. వాళ్ళూ వాకింగే కాబోలు.

రత్నం గేదె పొదుగు కడుగుతూ తల ఎత్తకుండానే అంది. "చీకట్లో అయితే పొయ్యనండి. ఎండ వొచ్చేక రండి, రోడ్డు మీంచి."

ఖాళీ క్యాన్లతో వెనక్కి తిరిగాం. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు, మాకు ఆ పాలు కూడా దక్కలేదు. నవ్వొచ్చింది దారిలో. ఇంటికొచ్చాక ఏడుపొచ్చింది. చదివింది నేను, తీర్మానం ఆవిడ భర్తది, మరి ఆ కట్టుబాటు ఎవరి కోసం?

నవంబరు 12

ప్యాకెట్. ఆయన ఇవాళ టీ అడిగారు, పాలు లేకుండా. చదువుకున్న వాళ్ళు అలాగే తాగుతారట.

నవంబరు 13

పాల కేంద్రంలో రత్నం పాలు తీసుకోవడం లేదు. రెండు క్యాన్లు చేతులకి తగిలించుకుని లాకు దాటి పక్క ఊరు నడిచి వెళ్తోంది. మూడు మైళ్ళు. పంచాయతీ ఆఫీసు ముందు నుంచే దారి. నేను అప్పుడే పొద్దుటి పేర్లు చదివి మెట్లు దిగుతున్నాను.

బడ్డీ కొట్టు దగ్గర మగవాళ్ళు పేపరు పైకెత్తారు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెల్లోకి చూశారు. ఎవరూ తిట్టలేదు. రత్నం చెప్పుల చప్పుడు తప్ప రోడ్డు మీద ఏమీ లేదు.

నేను? నేను సంచిలో తాళంచెవి వెతుక్కున్నాను. తాళంచెవి చేతిలోనే ఉంది.

నా మీద నాకు అసహ్యం వేసింది. మనుషుల్ని ఇంత తేలిగ్గా ఒక్క తాటి మీదకి తేవచ్చని తెలిస్తే బడిలో అన్నేళ్ళు బెత్తం పట్టుకునేదాన్ని కాదు. అయినా గట్టు శుభ్రంగానే ఉంది కదా, అని మనసులో ఇంకో గొంతు. అదీ నాదే.

నవంబరు 14

మధ్యాహ్నం మౌనిక వచ్చింది. వెంకట్రావు గారి కోడలు మా గడప తొక్కడం ఇదే మొదలు. చేతిలో గిన్నె, ఏదో పులుసు. అత్తగారు పంపారంది. కుర్చీ చివర కూర్చుంది.

"టీచర్ గారూ, మైకులో ఒకసారి చదివిన పేరు... వెనక్కి తీసుకోవడం ఉంటుందాండీ?"

గొంతు బాగుంది పిల్లది. స్పష్టంగా ఉంది.

"ఎవరి పేరమ్మా?"

కాలు మీద కాలు వేసి మడమ దాచుకుంటోంది. అప్పుడు చూశాను. రెండు మడమలకీ ప్లాస్టర్లు. కొత్త షూ కరిస్తే వేసుకునేవి. చిన్న పాదాలు.

"నీ సైజు అయిదా?" అన్నాను. ఎందుకు అలా అడిగానో, నోట్లోంచి వచ్చేసింది. పిల్ల ముఖం పాలిపోయింది. తర్వాత ఏడ్చింది, చప్పుడు లేకుండా, కొంగు నోట్లో కుక్కుకుని.

ఇది ఇక్కడ రాయొచ్చా? ఆయన ఈ పుస్తకం ముట్టుకోరు. అయినా బీరువాలో చీరల కింద పెడతాను. రాయకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది.

పోలీసు కానిస్టేబులు పరీక్ష. రాత పరీక్ష పెళ్ళికి ముందే పాసయిందిట. ఇప్పుడు పరుగు పరీక్ష, ఇంకా ఇరవై రోజులు. ఇంట్లో వద్దన్నారు. "నలుగురిలో ఇంటి కోడలు ప్యాంటేసుకుని పరిగెత్తుతుందా" అన్నారట మావగారు. భర్త భీమవరంలో రొయ్యల మేత కంపెనీలో, వారానికొకసారి వస్తాడు. "ఆయనకి తెలుసండి. తెలీనట్టుంటారు" అంది. రోజూ తెల్లవారుజామున పాలకని క్యాను పట్టుకుని రత్నం పాకకి వెళ్ళేది. రత్నం పాలు తీసేలోపల ఈ పిల్ల మురుగు కాలవ గట్టు మీద పరిగెత్తి వచ్చేది. షూ రత్నం పేరు మీద తెప్పించుకుంది. షూ పాకలో దాచింది. డబ్బా ఇంటికి తీసుకెళ్ళలేదు. పౌర్ణమి నాడు రేవుకి వస్తూ సంచిలో చుట్టి మెట్ల కిందకి తోసేసింది. రత్నానికి కూడా చెప్పలేదు.

"అక్క పేరు మీరు చదివినప్పుడు వంటింట్లో ఉన్నానండి. పోపు మాడిపోయింది."

ఊళ్ళో పోలీసు కావాలనుకున్న ఒక్క పిల్ల దొంగలా పరిగెత్తుతోంది.

"నా పేరు రాకుండా అక్క పేరు తీసెయ్యలేరాండీ?"

ఏం చెప్పను? రత్నం కాదంటే, మరెవరు అంటారు. తమ్ముడి పేరు చదివించిన మనిషి కోడలి పేరు ఆపుతారా? ఆపరు. ఆయనే స్వయంగా చదువుతారు. చదివి, ఆ పరీక్ష కాగితాలు పొయ్యిలో పెడతారు. మంచివాళ్ళంటే ఇంత భయం ఎందుకు వేస్తుందో!

నవంబరు 15

పది గంటలకి, ఎండలో, చేతిలో క్యానుతో రోడ్డు మీంచి నడిచాను. శాలువా కప్పుకోలేదు. బడ్డీ కొట్టు దగ్గర పేపర్లు కిందకి దిగాయి. బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లలా నడిచాను, అరవై నాలుగేళ్ళ మనిషిని!

రత్నం మంచం వాల్చింది. మౌనిక వచ్చి వెళ్ళిందని చెప్పాను. విని, లేచి గేదెకి గడ్డి వేసి వచ్చింది.

"పేరు తప్పు చదివానని చెప్పేస్తాను రత్నం. రేపే."

"వొద్దండి. నాది కాదంటే ఎవరిదని ఎతుకుతారు. నేను ఇరవై రోజులు నడవగలనండి పక్కూరికి. ఆ పిల్లకి మళ్ళీ ఇరవై రోజులు రావు."

"పోనీ, నువ్వే ఆ ఒక్క మాట అనెయ్యరాదూ? తప్పయిపోయిందని. అయిపోతుంది కదా. ఒక్క మాట."

అప్పుడు నా వైపు తిరిగింది. కోపం కాదు. జాలేమో.

"చెయ్యని తప్పు నెత్తినేసుకున్నానండి. దానికి దణ్ణం కూడా పెట్టాలాండీ?"

క్యాను ముందుకి జరిపాను. పాలు పోసింది. కొసరు వేసింది. పాలతో ఊరి మధ్య నుంచి ఇంటికి వచ్చాను.

కాఫీ బాగుంది. ఆయన గ్లాసు కడిగి పెట్టారు, ఎప్పుడూ కడగని మనిషి.

నవంబరు 16

వెంకట్రావు గారు పిలిపించారు. వాళ్ళింటి హాల్లో ఆయన, సూర్యకాంతం గారు, నేను. మౌనిక కాఫీ తెచ్చింది.

"మీరు వెళ్ళారంటే కారణం ఉంటుంది టీచర్ గారూ" అన్నారాయన. "నాకు మీ మీద నమ్మకం. ఆ కవరు రత్నానిది కాదని మీకేమైనా తెలిసిందా? తెలిస్తే పేరు చెప్పండి. రేపే చదివి, రత్నం మీద మాట కొట్టేద్దాం. తప్పు మనదైతే మనం దిద్దుకోవద్దాండీ?"

ఎంత న్యాయంగా అడిగారో. గది తలుపు దగ్గర మౌనిక ఆగిపోయింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇద్దరాడవాళ్ళు, నేను ఏ పేరు చెప్పినా ఒకరు మునుగుతారు. మూడో పేరు ఏదైనా...

"నాదేనండి" అన్నాను.

"ఏంటండీ?"

"ఆ షూ. నేనే తెప్పించుకున్నాను. మోకాళ్ళకి నడవమన్నారు కదా. మా ఇల్లు డెలివరీ వాళ్ళకి దొరకదని రత్నం పేరు, పాలపాక గుర్తు పెట్టాను. డబ్బా సంచితో సహా చేతిలోంచి జారి మెట్ల కింద పడిపోయింది. చెప్పడానికి మొహం చెల్లలేదు."

ఇన్నేళ్ళు పిల్లల చేత 'నిజం చెప్పండి' అనిపించిన నోరు ఇది. ఒక్కసారి కూడా తడబడలేదు. అదే ఆశ్చర్యం.

వెంకట్రావు గారు కాఫీ గ్లాసు తాగకుండానే పక్కన పెట్టేశారు. బాధపడ్డారు పాపం, నిజంగానే. సూర్యకాంతం గారి చూపు మాత్రం నా పాదాల మీద పడింది. నేను కాళ్ళు కుర్చీ కిందకి లాక్కున్నాను. అక్కడి నుంచి ఆవిడ చూపు ఎటు వెళ్ళిందో చూసే ధైర్యం లేకపోయింది.

నవంబరు 17

ఈ మైకుని ఇంట్లో కూర్చుని వినడం ఇదే మొదటిసారి.

ఆరింటికి గరగర. వెంకట్రావు గారి దగ్గు. నేను పెరట్లో తులసికి నీళ్ళు పోస్తున్నాను. చెంబు గాల్లోనే ఆగిపోయింది. పక్కింట్లో అంట్ల చప్పుడు ఆగింది. అవతల సందులో పంపు ఆగింది. ఇలా ఉంటుందన్న మాట! రెండు నెలలుగా నేను నోరు తెరిచేముందు ఊరంతా ఇలా ఊపిరి బిగబట్టుకుని నిలబడుతోంది. ఎవ్వరూ చెప్పలేదు నాకు.

నా పేరు. ఇంటిపేరుతో సహా. 'విశ్రాంత ఉపాధ్యాయిని' అని కూడా అన్నారు, గౌరవంగా.

సిగ్గేసింది. నేను చెయ్యలేదని నాకు తెలుసు. నేనే ఎంచుకున్నానని తెలుసు. అయినా చెవులు కాలిపోయాయి. ఇంట్లోకి పరిగెత్తి తలుపేసుకున్నాను. రత్నం ఆ రోజు ఏడింటికి మా గుమ్మం ముందు నిలబడి కొసరు ఎలా వేసిందో!

రత్నం సంగతి కొట్టేస్తున్నట్టు చదవలేదు. ఎందుకు చదవలేదు? అదేం న్యాయం?

నవంబరు 18

పొద్దున రత్నం వచ్చింది. వీధి గుమ్మంలోంచే. గట్టిగా అడిగింది, మొదటిసారి నా మీద గొంతు లేపింది.

"ఎవరడిగేరండి మిమ్మల్ని? నేను మోస్తన్నాను కదా?"

"నీ పాలు..."

"నా పాలు నేను అమ్ముకుంటన్నానండి. ఇప్పుడు ఇద్దరం వేశామంటన్నాం. ఊరు ఏమనుకుంటాది? ఇందులో ఏదో ఉందనుకోదాండీ?"

నిజమే. నాకు తోచలేదు. బడ్డీ కొట్టు దగ్గర అప్పుడే మొదలయిందిట. పేరు చదివితే గానీ ఒక్కరూ ఒప్పుకోని ఊళ్ళో, ఒక్క సంచికి ఇద్దరు దొరికారేమిటని. నేను రత్నాన్ని కాపాడానో, మౌనికని తవ్వి బయటపెడుతున్నానో, నా మనసు తేలిక కోసం ఇద్దరినీ గోతిలోకి లాగానో. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది.

పదకొండింటికి కూరల బండి దగ్గర సూర్యకాంతం గారు. వంకాయలు ఏరుతూ, మెల్లిగా, నాకు ఒక్కదానికే వినపడేలా:

"మీది సైజు ఏడు కదూ టీచర్ గారూ?"

వంకాయలు తూయించుకుని వెళ్ళిపోయారు. బెదిరింపా? ఓదార్పా? ఆ ముఖంలో ఏమీ లేదు. సాయంత్రం చూస్తే మౌనిక ఒక్కతే రేవు మెట్ల మీద కూర్చుని ఉంది. నవ్వలేదు, ఏడవలేదు. పలకరించబోతే లేచి వెళ్ళిపోయింది. ఇంట్లో ఏం జరిగింది? ఏమైనా జరిగిందా? ఏమీ తెలియదు.

నవంబరు 19

పొద్దున్నే కబురు వచ్చింది. వెంకట్రావు గారు అప్పన్నతో చెప్పి పంపారు.

"ఇయ్యాళ మూడో రోజు కదండీ. ఎనిమిదింటికి మీరు వచ్చి ఆ మాట అనేస్తే సరిపోద్దంటండి. అక్కడితో అంతా అయిపోయినట్టేనంట. రత్నమ్మ పాలు కూడా రేపటి నుంచి కేంద్రంలో పోసుకోవొచ్చంట. ఇంకెవ్వరూ ఏమీ అడగరంటండి."

అంతా అయిపోతుంది! షూ ఎవరివో ఎవరూ వెతకరు. ఆ పిల్ల ఇంకో పదిహేను రోజులు పరిగెత్తుకుంటుంది, పరిగెత్తనిస్తే. రత్నం మూడు మైళ్ళు నడవక్కర్లేదు. నేను అనాల్సింది ఒక్క మాట. నలుగురితో పాటు నారాయణా. చేపల చెరువు మేస్త్రి అన్నాడు. డైపర్ల ఆయన అన్నాడు. ప్రెసిడెంటు తమ్ముడు అన్నాడు. వాళ్ళకి రాసిచ్చింది నేనే, "భయపడకండి, ఒక్క మాటే" అని వీపు తట్టింది నేనే. రత్నానికీ అదే చెప్పాను, మంచం మీద కూర్చుని, ఆవిడ పాలు తీసుకుంటూ.

కాగితం మీద రాసి చూసుకున్నాను. తప్పయిపోయింది. బాగానే ఉంది, ఆరు అక్షరాలు. పైకి చదివాను. రాలేదు. మళ్ళీ చదివాను. 'తప్ప' దగ్గరే ఆగిపోయింది. అద్దం ముందు నిలబడ్డాను. రాదు. మొన్న అంత పెద్ద అబద్ధం తడబడకుండా ఆడిన నోరు, ఇంత చిన్నది ఆడలేకపోతోంది. ఎందుకు? పొగరా? రత్నం పొగరు అంటుకుందా నాకు? లేక అది పొగరు కాదా?

నేను అంటే రత్నం నిలబడ్డది అంతా దండగేనా? అనకపోతే రత్నం నడక ఎన్నాళ్ళు?

ఆయన్ని అడిగాను. "ఏమే, నువ్వు ఎప్పుడైనా నాతో అన్నావా ఆ మాట, ఇవాళ ఊరికి అంటానికి" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ కళ్ళు నవ్వలేదు. కండువా వేసుకుని, "నేనూ వస్తాను పద" అన్నారు.

ఏడూ నలభై. చీర మార్చుకున్నాను. రత్నం ఇప్పుడే రోడ్డు మీంచి వెళ్ళింది, రెండు క్యాన్లతో, లాకు వైపు. ఇటు చూడలేదు.

ఏడూ యాభై అయిదు. ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. నేను ఇక్కడ రాస్తూ కూర్చున్నాను.

ఎనిమిది. అక్కడ మైకు ఆన్ చేశారు. ఎవరూ మాట్లాడటం లేదు. గాలి తగులుతున్న చప్పుడు ఒక్కటే ఊరంతా వినిపిస్తోంది. నా కోసం ఆగి ఉన్నారు.